ఇంట్లో స్టింగ్‌రే పెంచాలనుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆస్కార్లు, అరోవానాలు పెంచి చేయి తిరిగినవాళ్ల చూపు ఈమధ్య స్టింగ్‌రేల మీద, అంటే పళ్లెంలాంటి ఒళ్లు, తోకకి విషపు ముల్లు ఉన్న చేపల మీద పడింది. ఫోన్ చేసేవాళ్లు వేరు, అడిగే ప్రశ్నలు మాత్రం అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఇందులో చేప గురించి కన్నా నీళ్ల గురించే ఎక్కువ ఉంటుంది. స్టింగ్‌రే చచ్చిపోయిందంటూ వచ్చే ఫోన్లలో చాలావరకు తేలేది నీళ్ల దగ్గరే.

## కొనకముందు

మన సముద్రంలో దొరికే టేకు చేప, ఇదీ ఒకటేనా? కళింగపట్నంలో వలకి పడ్డ చిన్నదాన్ని తెచ్చి పెంచొచ్చా?

వద్దు. రెండూ చుట్టాలే గానీ ఒకటి కాదు. సముద్రపు టేకు తన ఒంట్లో యూరియా నిలవ చేసుకుని ఉప్పునీళ్లలో నెగ్గుకొస్తుంది. దాన్ని మంచినీళ్లలో వేస్తే ఎక్కువసేపు బతకదు. అక్వేరియంలో పెంచేవి దక్షిణ అమెరికా నదుల్లో పుట్టిన పోటమోట్రైగాన్ జాతివి. ఇవి ఎన్నో యుగాలుగా నదుల్లోనే ఉండిపోయి, యూరియా నిలవ చేసుకునే గుణాన్నే పోగొట్టుకున్నాయి. అందుకే వీటిని సముద్రపు నీళ్లలో వేసినా బతకవు.

‘టీ కప్ రే’ అని ఒక చిన్న రకం ఉందట. నాది మూడడుగుల ట్యాంకు. సరిపోతుందా?

సరిపోదు. టీ కప్ రే అని ప్రత్యేకంగా ఒక జాతి లేదు. ఏదో ఒక రకం పిల్లకి అమ్మకం కోసం తగిలించిన పేరు అది. అరచేయంత ఉన్నప్పుడు ముద్దుగా ఉంటుంది, సరిగ్గా తింటే ఏడాదిలోనే ట్యాంకులో తిరగలేనంత అవుతుంది. ఎదగకుండా చిన్నగానే ఉండిపోయిందంటే దానికి తిండి చాలలేదనో, నీళ్లు బాగోలేవనో అర్థం. ఈ పేరుతో అమ్మే దుకాణదారుని మిగతా మాటలు కూడా నేనైతే నమ్మను.

మొదటిసారి పెంచేవాళ్లకి ఏ రకం మంచిది?

మోటోరో. గోధుమరంగు ఒంటి మీద నల్లటి అంచున్న పసుపు, నారింజ చుక్కలుంటాయి. ఫారంలో పుట్టిన పిల్లలు దొరుకుతాయి, అవి తిండికి త్వరగా అలవాటు పడతాయి. అక్వేరియంలో దీని పళ్లెం, అంటే తోక వదిలేసి గుండ్రటి ఒంటి వెడల్పు, ఒకటిన్నర అడుగు దాటుతుంది. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలుండే లియోపోల్డి బ్రెజిల్‌లోని షింగు నదిది. హెన్లీ టొకాంటిన్స్ నదిది. ఇవి అందమైనవే గానీ మొదటి చేపగా వద్దు. రెండు రకాల్ని కలిపి పుట్టించిన సంకరాలు కూడా మార్కెట్‌లో చాలా ఉన్నాయి. చుక్కలు చూసి రకం పేరు చెప్పేయడం అంత తేలిక కాదు.

ఇంట్లో పెంచడం చట్టరీత్యా తప్పా?

రకాన్ని బట్టి ఉంటుంది. అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం సైటిస్. 2022 నవంబరులో పనామా సిటీలో జరిగిన దాని సమావేశంలో లియోపోల్డి, హెన్లీ సహా ఏడు రకాల పోటమోట్రైగాన్లను రెండో అనుబంధంలో చేర్చారు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో సైటిస్ జాబితాలోని జీవులు నాలుగో షెడ్యూల్‌లోకి వచ్చాయి. అలాంటి జీవి ఇంట్లో ఉంటే కేంద్ర పర్యావరణ శాఖవాళ్ల పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలని 2024 ఫిబ్రవరిలో నిబంధనలు వచ్చాయి. కాబట్టి కొనేటప్పుడే రకం పేరు రాసిన బిల్లు, ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే కాగితాలు అడగండి. మీ చేప జాబితాలో ఉందో లేదో అనుమానముంటే జిల్లా అటవీ అధికారి కార్యాలయంలో అడిగి రాయించుకోండి. “ఏం కాదు సార్, అందరూ పెంచుతున్నారు” అనేది కాగితం కాదు.

మొత్తం ఖర్చు ఎంతవుతుంది?

చేప ధర రోజుకోలా ఉంటుంది, దాన్ని చూసి లెక్క వేయకండి. అసలు ఖర్చు ట్యాంకు, స్టాండు, ఫిల్టర్, ఇన్వర్టర్, నెలనెలా కరెంటు, రొయ్యలు. ఇది పదేళ్లు దాటి బతికే చేప. చేప కొనడానికే అప్పు చేయాల్సి వస్తే ఆగిపోండి.

## ట్యాంకు

ఎంత పెద్ద ట్యాంకు కావాలి?

ఎత్తు కాదు, నేల వైశాల్యం చూడండి. స్టింగ్‌రే అడుగునే తిరుగుతుంది. పిల్లకి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు కొన్నాళ్లు సరిపోతుంది. పెద్దయిన మోటోరోకి కనీసం ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉండాలి. వీలైతే ఎనిమిది, నాలుగు. పొడవు ఎంతున్నా రెండడుగుల వెడల్పు ట్యాంకులో పెద్ద రే తిరగాలంటే గోడకి రాసుకుంటూ తిరగాలి. గ్లాసే కావాలని లేదు. పెరట్లో నీడన కట్టిన సిమెంటు తొట్టె, లోపల ఎపాక్సీ పూత వేసినది, ఇంకా నయం. పూత లేని సిమెంటు నీళ్ల పీహెచ్‌ని, అంటే ఆమ్లమో క్షారమో చెప్పే అంకెని, పెంచేస్తుంది.

మేడ మీద హాల్లో పెట్టుకోవచ్చా?

ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ట్యాంకులో ఇరవై అంగుళాలు నీళ్లు పోస్తే సుమారు 850 లీటర్లు. గ్లాసు, స్టాండు కలిపితే టన్ను దాటుతుంది. కింది అంతస్తులో నేల మీద పెట్టండి. మేడ మీదే పెట్టాలంటే ఇంజనీరుకి చూపించి, గోడ పక్కన, బీము మీద బరువు పడేలా పెట్టండి. అద్దె ఇల్లయితే ముందు ఓనరుగారిని అడగండి.

అడుగున నాగావళి ఇసుక వేయొచ్చా?

సన్నటి నది ఇసుక మంచిదే. జల్లెడ పట్టి, గరుకు రాళ్లు తీసేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. ఒక అంగుళం మందం చాలు. స్టింగ్‌రే ఇసుకలో రెక్కల అంచులు ఆడించి ఒళ్లంతా కప్పేసుకుంటుంది. అప్పుడు పైకి కనిపించేవి రెండు కళ్లు, వాటి వెనక మూసుకుంటూ తెరుచుకుంటూ ఉండే రెండు రంధ్రాలు మాత్రమే. నోరు, మొప్పలు అడుగు వైపు ఉంటాయి కాబట్టి పైనున్న ఆ రంధ్రాల ద్వారానే నీళ్లు లోపలికి తీసుకుంటుంది. బీచ్ ఇసుక వద్దు, అందులో గవ్వల పొడి ఉంటుంది, నీళ్లలో సున్నం చేరి హార్డ్ అవుతాయి. కంకర అసలే వద్దు, పొట్ట గీసుకుపోతుంది. ఇసుక లేకుండా ఖాళీ అడుగుతో పెంచినా తప్పు లేదు. శుభ్రం చేయడం తేలిక, చేపకి మాత్రం కాస్త బోరు.

ఏ ఫిల్టర్ పెట్టాలి?

ట్యాంకు కింద సంప్, అంటే నీళ్లు వడకట్టే రెండో తొట్టె. ట్యాంకులో మూడో వంతు సైజు సంప్, దానినిండా బయో మీడియా, అంటే మంచి బ్యాక్టీరియా పట్టి పెరిగే సరుకు, ఉండాలి. మోటారు గంటకి ట్యాంకు నీళ్లని నాలుగైదుసార్లు తిప్పాలి. స్టింగ్‌రే తినేది ఎక్కువ, వదిలే అమ్మోనియా కూడా అంతే. పైన వేలాడే చిన్న ఫిల్టర్లతో ఇది నెగ్గదు. సంప్‌తో పాటు రెండు పెద్ద స్పాంజ్ ఫిల్టర్లు కూడా నడుపుతుంటే కరెంటు పోయినప్పుడు అవే ఆదుకుంటాయి.

హీటర్ అవసరమా? మన ఊళ్లో ఎండలే ఎక్కువ కదా.

నీళ్లు 26 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు హీటర్ కావాలి. కానీ ట్యాంకులో పెట్టకండి. స్టింగ్‌రే వెళ్లి దాని మీదే పడుకుంటుంది, కాలినా లేవదు. సంప్‌లో పెట్టండి.

అసలు కష్టం మే నెలలో. నీళ్లు 32 దాటితే ఆక్సిజన్ తగ్గుతుంది, అమ్మోనియా విషం పెరుగుతుంది. నీటి మీదికి గాలి కొట్టే ఫ్యాను రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది. తీరంలో ఉక్కపోతగా ఉన్న రోజున అంత కూడా తగ్గదు. ఎయిర్ స్టోన్లు పెంచండి, కిటికీ ఎండ పడకుండా చూడండి. మధ్యాహ్నం పూట మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్లు పట్టి పోయకండి, అవి కాగుతూ ఉంటాయి.

## నీళ్లు

మాది బోరు. తాగడానికి బాగానే ఉంటాయి. స్టింగ్‌రేకి పనికొస్తాయా?

నాలుక చెప్పలేదు, మీటరే చెప్పాలి. సోంపేట, కవిటి, గార, పూసపాటిరేగ లాంటి తీర మండలాల్లో ఒక వీధి బోరు తియ్యగా, పక్క వీధిది ఉప్పగా ఉండటం మామూలే. బకెట్‌కి తెల్లటి పొర పడుతుంటే అది హార్డ్ వాటర్. స్టింగ్‌రేలకి మెత్తటి నీళ్లు, పీహెచ్ 6.5 నుంచి 7.5 లోపు బాగా పడతాయి. ఫారంలో పుట్టినవి కాస్త హార్డ్ వాటర్‌కైనా సర్దుకుంటాయి, రోజుకోలా మారే నీళ్లకి సర్దుకోవు.

బోరు నీళ్ల పీహెచ్ అప్పుడే పట్టి చూస్తే ఒకటి, గాలి కొట్టి మర్నాడు చూస్తే ఇంకొకటి. భూమిలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ పోయాక పీహెచ్ పైకి లేస్తుంది. బకెట్‌లో ఎయిర్ స్టోన్ వేసి 24 గంటల తర్వాత వచ్చిన అంకెనే నమ్మండి. అది 8 దాటితే జాగ్రత్త. పీహెచ్ 7 నుంచి 8కి వెళ్తే, అదే అమ్మోనియాలో విషంగా మారే భాగం దాదాపు పది రెట్లవుతుంది.

మున్సిపాలిటీ కుళాయి నీళ్లు పోయొచ్చా?

క్లోరిన్ తీసేశాక పోయొచ్చు. డ్రమ్ములో పట్టి ఒక రోజంతా గాలి కొట్టండి, లేదా సోడియం థయోసల్ఫేట్ ఉన్న యాంటీ క్లోరిన్ కలపండి. వానాకాలం నదిలో బురద నీళ్లు వచ్చినప్పుడు క్లోరిన్ మోతాదు పెంచుతుంటారు. నిన్నటి లెక్కతో ఇవాళ మందు వేయకుండా క్లోరిన్ టెస్ట్ చేసి వేయండి.

ఇంట్లో ఆర్‌ఓ ఉంది. ఆ నీళ్లే పోస్తే పోలా?

ఒట్టి ఆర్‌ఓ నీళ్లు వద్దు. అందులో లవణాలు దాదాపు ఉండవు, పీహెచ్ నిలకడగా ఉండక ఒక్కసారిగా పడిపోతుంది. బోరు నీళ్లతో కలిపి, ప్రతిసారీ ఒకే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) వచ్చేలా చూసుకోండి.

ట్యాంకు నింపి ఎన్నాళ్లకి చేపని వదలాలి?

నెల నుంచి నెలన్నర. ఈలోగా అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరగాలి. పాత ట్యాంకు స్పాంజ్ తెచ్చి సంప్‌లో వేస్తే త్వరగా పెరుగుతుంది. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, రెండూ వారం రోజులు వరుసగా చూపిస్తేనే చేపని తెండి. ఫిల్టర్‌కి అలవాటుగా ముందు గట్టి చేపలు నాలుగు వేయమని దుకాణాల్లో చెబుతారు. ఆ నాలుగింటి ఫిల్టర్ ఒక రేని మోయలేదు.

నీళ్లు వారానికి ఎన్నిసార్లు మార్చాలి?

పెద్ద రేకి వారానికి రెండుసార్లు, ప్రతిసారీ సగం. 850 లీటర్ల ట్యాంకుకి వారానికి మళ్లీ 850 లీటర్లు. మీ ఇంట్లో వేసవిలో అన్ని నీళ్లు వస్తాయా? బిందె నీళ్ల కోసం ఎదురుచూసే వీధిలో ఈ చేప పెంచడం నాకు సబబుగా అనిపించదు. తీసిన నీళ్లు కాలవలో పోయకండి, కొబ్బరిచెట్లకి, అరటికి, ఆకుకూర మళ్లకి పెట్టండి. నైట్రేట్ ఉన్న నీళ్లు మొక్కలకి ఎరువే.

## తెచ్చే రోజు

దుకాణంలో ఏం చూసి ఎంచుకోవాలి?

మీ ఎదురుగా తినిపించమనండి. తిండి వేయగానే కదిలి, దాని మీద వాలి, నోటితో లాక్కుంటే మంచిది. తోక మొదట్లో కండ ఉండాలి. వీపు వెనక భాగంలో నడుము ఎముకలు రెండూ పైకి తేలి కనిపిస్తే అది చాలా రోజులుగా పస్తులుంటోందని అర్థం, తిరిగి కోలుకోవడం కష్టం. పొట్ట వైపు ఎర్రటి మచ్చలున్నా వదిలేయండి. జాలిపడి కొనకండి.

చెన్నై నుంచో, కోల్‌కతా నుంచో రైల్లో తెచ్చుకోవచ్చా?

చెన్నైలోని కొలత్తూరు నుంచో, కోల్‌కతాలోని గాలిఫ్ స్ట్రీట్ నుంచో వచ్చే రంగు చేపలు మన ఆమదాలవలస, విజయనగరం స్టేషన్లలో దిగడం కొత్త కాదు. స్టింగ్‌రే విషయంలో తేడా ముల్లు. అది కవరుని చీరేస్తుంది. తోక ముల్లుకి మెత్తటి ఎయిర్ ట్యూబ్ ముక్క తొడిగి, రెండు మూడు కవర్లు ఒకదానిలో ఒకటి పెట్టి, థర్మోకోల్ పెట్టెలో సర్దించుకోండి. ముందురోజు తిండి పెట్టొద్దని చెప్పండి. ఇంటికొచ్చాక ఆ ట్యూబ్ తీయడం మర్చిపోవద్దు. కవరు నీళ్లు ట్యాంకులో పోయొద్దు.

తెచ్చి మూడు రోజులైంది, ఏమీ తినట్లేదు. ఏం చేయను అన్నా?

లైటు ఆర్పేయండి. ట్యాంకు ముందు జనం తిరగకుండా చూడండి. అమ్మోనియా, నైట్రైట్ చూడండి. రెండూ సున్నా ఉంటే సాయంత్రం బతికున్న వానపాములు రెండు దాని ముక్కు దగ్గర వదలండి. రొయ్యని పట్టించుకోనిది కూడా వానపాముకి లేస్తుంది. పెరట్లో పెంటకుప్ప దగ్గర తవ్వితే దొరుకుతాయి, పురుగుమందు కొట్టిన చోటివి మాత్రం వద్దు. ఒక రాత్రి తడి గోనె సంచిలో ఉంచి, కడిగి వేయండి.

## తిండి

రోజూ ఏం పెట్టాలి?

పొట్టు, తల తీసిన రొయ్యలు, ముల్లు లేని చేప ముక్కలు, వానపాములు, అడుగుకి మునిగే పెల్లెట్లు. ఒక్క రొయ్యల మీదే ఉంచకండి. కొన్ని పచ్చి రొయ్యల్లో, చేపల్లో విటమిన్ బి1ని పాడుచేసే ఎంజైమ్ ఉంటుంది. పెల్లెట్ అలవాటు చేస్తే ఆ లోటు తీరుతుంది. పిల్లలకి రోజుకి రెండు మూడుసార్లు, పెద్దవాటికి ఒకసారి. వారానికి ఒక పూట పస్తున్నా పెద్దవాటికి ఏమీ కాదు, పిల్లలకి మాత్రం వద్దు.

మార్కెట్ రొయ్యల్ని కొన్ని రోజులు ఫ్రీజర్‌లో పెట్టి వాడితే పురుగుల భయం తగ్గుతుంది. ఉప్పుచేప, ఎండురొయ్యలు, చికెన్, మటన్ వద్దు. గోల్డ్‌ఫిష్‌ని బతికుండగా వేయడం వీడియోల్లో బాగుంటుంది, జబ్బులు వచ్చేది వాటితోనే.

సిరిమానోత్సవానికి నాలుగు రోజులు ఊరెళ్తున్నాం. ఎవరికి అప్పజెప్పాలి?

బాగా తింటున్న పెద్ద రే నాలుగు రోజులు ఉపవాసం ఉండగలదు. వెళ్లేముందు సగం నీళ్లు మార్చండి. పక్కింటివాళ్లకి కరెంటు, మోటారు చూడమని చెప్పండి, తిండి పెట్టమని మాత్రం చెప్పకండి. ప్రేమతో గుప్పెడు రొయ్యలు ఎక్కువ వేస్తారు, అవి కుళ్లుతాయి.

వేరే చేపల్ని కలిపి ఉంచొచ్చా?

సెవెరమ్, జియోఫేగస్, సిల్వర్ డాలర్ లాంటివి ఉండొచ్చు. నోట్లో పట్టేంత చిన్నవి రాత్రికి రాత్రి మాయమవుతాయి. గ్లాసు నాకుతుందని సక్కర్ ఫిష్‌ని మాత్రం వేయకండి. అది రే వీపు మీద చేరి జిగురు పొరని గీకి తినేస్తుంది.

## ముల్లు

కుడుతుందా? కరెంటు షాక్ కూడా కొడుతుందంటారు, నిజమేనా?

షాక్ కొట్టదు, అది వేరే చేప. కుట్టడం మాత్రం నిజం. తోక మీద రంపపు పళ్ల లాంటి అంచులున్న ముల్లు, దాన్ని చుట్టుకుని విషమున్న పొర ఉంటాయి. అప్పుడప్పుడు పాతది రాలి కొత్తది వస్తుంది, కత్తిరించి వదిలించుకునేది కాదు. ఊరికే మీదపడదు. దాన్ని తొక్కినా, నొక్కినా, మూలకి నెట్టినా కొడుతుంది. ట్యాంకులో చేయి పెట్టేముందు అది ఎక్కడుందో చూసుకోండి, ఇసుకలో దాక్కుని ఉంటుంది. అడ్డంగా ఒక ప్లాస్టిక్ పలక పెట్టి పని చేసుకోండి. వలతో పట్టకండి, ముల్లు చిక్కుకుంటుంది. నీళ్లతో సహా టబ్బులోకి తోలండి. చిన్నపిల్లలున్న ఇంట్లో మూతకి తాళం ఉండాలి.

కుడితే వెంటనే ఏం చేయాలి?

గాయాన్ని శుభ్రమైన నీళ్లతో కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ముంచి ఉంచాలి. సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర. వేడి ఎంతుందో కుట్టని చేత్తో చూడండి, నొప్పిలో ఉన్న చేతికి వేడి తెలియక బొబ్బలెక్కుతుంది. వేడికి నొప్పి తగ్గుతుంది. తగ్గింది కదా అని ఇంట్లో కూర్చోకూడదు. శ్రీకాకుళం రిమ్స్‌కో, విజయనగరం ప్రభుత్వాసుపత్రికో, ఏది దగ్గరైతే అక్కడికి వెళ్లాలి. దీనికంటూ విరుగుడు ఇంజెక్షన్ లేదు. ముల్లు ముక్క లోపల ఉందేమో ఎక్స్‌రే తీస్తారు, టెటనస్ ఇస్తారు, గాయం కుళ్లకుండా చూస్తారు. ముల్లు లోతుగా దిగి ఉంటే మీరు లాగకండి. ఛాతీకో, పొట్టకో తగిలితే వేడి నీళ్ల కోసం కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. పసరు, సున్నం పూయకండి.

## జబ్బు చేస్తే

అంచులు పైకి ముడుచుకుపోయాయి. ఏమైంది?

వేయించిన అప్పడంలా అంచు పైకి లేచి అలాగే ఉండిపోతే అది చావుకి దగ్గరగా ఉందని గుర్తు. మందు కోసం పరిగెత్తకండి. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్, వేడి చూడండి. అదే వేడి, క్లోరిన్ లేని నీళ్లతో సగం మార్చండి, గాలి పెంచండి, తిండి ఆపండి. కొన్ని కోలుకుంటాయి, చాలావరకు కోలుకోవు. పీహెచ్ బాగా తక్కువగా ఉన్న పాత ట్యాంకులో ఒక్కసారిగా ఎక్కువ పీహెచ్ నీళ్లు పోయకూడదు. అప్పటిదాకా విషం కాని అమ్మోనియా ఆ క్షణంలో విషమవుతుంది. అలాంటప్పుడు కొంచెం కొంచెంగా, చాలాసార్లు మార్చండి.

మామూలు చేపల మందులు వాడొచ్చా?

రాగి ఉన్న మందులు అసలు వద్దు. స్టింగ్‌రేకి మామూలు చేపల్లాంటి పొలుసులు ఉండవు, మందు మామూలు చేప కన్నా గట్టిగా తగులుతుంది. రొయ్యల చెరువుల షాపుల్లో దొరికే కీటకనాశినుల జోలికి పోకండి. సీసా మీద ఏముందో చదవలేని మందు ఏదైనా వద్దు.

## కరెంటు, తుపాను

రెండు గంటలు కరెంటు పోతే ప్రమాదమా? తుపానొస్తే ఎలా?

రెండు గంటలకి బ్యాటరీ ఎయిర్ పంపు చాలు. తుపాను లెక్క వేరు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో దీన్ని లెక్కలో పెట్టుకునే ఉండాలి.

హెచ్చరిక వచ్చిన రోజునే తిండి ఆపేయండి. తినని చేప అమ్మోనియా తక్కువ వదులుతుంది. సగం నీళ్లు మార్చి, క్లోరిన్ తీసిన నీళ్లు డ్రమ్ముల్లో నింపి పెట్టండి. ఇన్వర్టర్‌ని మోటారుకి కాకుండా ఎయిర్ పంపులకి ఇవ్వండి, తక్కువ కరెంటుతో ఎక్కువ గంటలు నడుస్తాయి. అదీ అయిపోతే మగ్గుతో నీళ్లు తీసి ఎత్తునుంచి పోస్తూ ఉండటమే, ఇంట్లోవాళ్లు వంతులు వేసుకోవాలి. సంప్ బదులు మూసి ఉన్న డబ్బాలాంటి క్యానిస్టర్ ఫిల్టర్ వాడుతుంటే, అది గంటల తరబడి ఆగితే లోపలి బ్యాక్టీరియా చచ్చి నీళ్లు కుళ్లుతాయి. కరెంటు రాగానే స్విచ్ వేయకండి. ముందు ఆ నీళ్లు బయట పారబోసి, మీడియాని ట్యాంకు నీళ్లతో కడిగి, అప్పుడు నడపండి.

## పెద్దయ్యాక

ఆడదో మగదో ఎలా తెలుస్తుంది? ఇంట్లో పిల్లలు పెడతాయా?

మగదానికి తోక మొదట్లో రెండు వైపులా వేళ్లలాంటి అవయవాలుంటాయి, ఆడదానికి ఉండవు. గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. జతకట్టేటప్పుడు మగది ఆడదాని అంచుల్ని కొరుకుతుంది. గాయాలు ఎక్కువైతే విడదీయండి, అందుకు రెండో ట్యాంకు ముందే ఉండాలి. పుట్టబోయే పిల్లలకి చోటు చూసుకోకుండా జత తేవద్దు.

ఇక పెంచలేను. నాగావళిలోనో, ఊరి చెరువులోనో వదిలేయొచ్చా?

వద్దే వద్దు. అక్వేరియాల నుంచి బయటపడ్డ సక్కర్ ఫిష్ మన రాష్ట్రం చెరువుల్లో, కాలవల్లో ఎలా నిండిందో జాలర్లని అడగండి, వాళ్ల వలలు చూపిస్తారు. సింగపూర్‌లోని అప్పర్ సెలెటార్ రిజర్వాయర్‌లో మోటోరో స్టింగ్‌రేలు స్థిరపడి పిల్లలు పెడుతున్నాయి. మన చెరువులో అలా జరిగితే ముల్లు గుచ్చుకునేది స్నానానికి దిగిన పిల్లలకీ, చేపలు పట్టేవాళ్లకీ. పెద్ద ట్యాంకు ఉన్న పెంపకందారుని వెతికి ఉచితంగా ఇవ్వండి. జాబితాలో ఉన్న రకమైతే ఇచ్చే ముందు అటవీ శాఖవాళ్లతో మాట్లాడండి.

చచ్చిపోతే ఎక్కడ పడేయాలి?

చచ్చినా ముల్లులో విషం ఉంటుంది. ఉత్త చేత్తో ఎత్తకండి. మందమైన గ్లౌజులు వేసుకుని, ముల్లుని కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించి, మూత బిగించిన ప్లాస్టిక్ సీసాలో వేయండి. ఒంటిని కుక్కలు తవ్వలేనంత లోతులో పూడ్చండి. చెత్తబండికి వేయకండి, ఆ సంచిని చేత్తో విప్పేది ఇంకొక మనిషి.